వెదకు విద్య: రాయపురము రైలు మొదలు డేటాబేసు వరకు

చెన్నపట్టణమునకు ఉత్తరమున, రేవుకు చేరువగా, రాయపురములో ఒక పాత రైలు స్టేషను ఉన్నది. వరుస స్తంభములతో దొరల కాలపు బంగళావలె కనిపించు ఆ కట్టడమును 1856 జూన్ 28వ తేదీన నాటి మద్రాసు గవర్నరు లార్డ్ హారిస్ ప్రారంభించెను. జూలై 1వ తేదీనుండి సామాన్య ప్రజలకు బండ్లు నడచినవి. ఇక్కడినుండి ఆర్కాటు సీమలోని వాలాజా వరకు సుమారు 100 కిలోమీటర్లు సాగిన ఆ దారియే దక్షిణాదిని ప్రయాణికులకు ఏర్పడిన మొదటి రైలుదారి. 1873లో సెంట్రల్ స్టేషను వెలసినది. క్రమముగా ప్రయాణికుల సందడి అటు మరలినది. అయినను 1922 వరకు మద్రాసు, సదరన్ మరాఠా రైల్వేవారి ప్రధాన కార్యాలయము రాయపురములోనే ఉండెను.

తెలుగువారమైన మనకు ఈ స్టేషను ఒక పాత కట్టడము మాత్రమే కాదు. రాయపురమున మొదలైన రైలు 1871 నాటికి కడప, గుంతకల్లుల మీదుగా రాయచూరు చేరి బొంబాయి దారితో కలిసినది. 1899లో మద్రాసునకు, బెజవాడకు నడుమ రైలుదారి ఏర్పడినది. అటుపిమ్మట నెల్లూరు, గుంటూరు, కృష్ణా, గోదావరి మండలములవారికి చెన్నపట్టణము సులభముగా చేరదగిన ఊరైనది. చదువుకొరకు, అచ్చాఫీసులకొరకు, వర్తకముకొరకు, తరువాతి కాలమున సినిమాలకొరకు వచ్చినవారు ఎందరో రైలు దిగియే ఈ పట్టణమున కాలు మోపిరి.

వచ్చినవారికి తిరిగి వెళ్లవలసిన అవసరము కూడ ఉండును గదా! వలసవచ్చిన కుటుంబమునకు పండుగనాడు ఊరు వెళ్లుట విలాసము కాదు. పెద్దలను చూచుట, పిల్లలకు తాతగారి ఊరు చూపుట, ఏడాది పొడవున దూరముగానున్న అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఒకచోట కూర్చుండి భోజనము చేయుట — ఇదంతయు ఒక చిన్న ప్రశ్నపై ఆధారపడియుండును: “ఫలానా తేదీన, ఫలానా బండిలో మాకు చోటున్నదా?”

ఆ ప్రశ్నకు జవాబు ఎంత త్వరగా, ఎంత నమ్మకముగా దొరకును అనునదే ఈ వ్యాసమునకు విషయము. నేడు మన కుటుంబములలోని పిల్లలు అనేకులు కంప్యూటరు ఉద్యోగములలో ఉన్నారు. “మా ఆఫీసులో ఒక క్వెరీ నిదానముగా నడచుచున్నది, దానిని సరిచేయుచున్నాము” అని వారు ఫోనులో చెప్పగా పెద్దలు విని ఊరకుందురు. ఆ పని ఏమియో, దాని వెనుక ఎంత చరిత్ర యున్నదో మనకు తెలిసిన రైలు టిక్కెట్టునే ఉదాహరణముగా తీసికొని వివరింప ప్రయత్నింతుము.

రిజిస్టర్ల కాలము

కంప్యూటర్లు రాకమునుపు రిజర్వేషను కార్యాలయములలో బండికి, తేదీకి తగినట్లు రిజిస్టర్లు ఉండెడివి. ఏ బండి రిజిస్టరు ఏ గుమాస్తా ముందున్నదో ఆ కౌంటరు వద్దనే నిలువవలెను. రెండు గంటలు నిలిచి కిటికీ వద్దకు చేరగా, ఆ బండిలో చోటు లేదని తెలిసినచో, మరియొక బండికై మరియొక వరుస చివర చేరవలసినదే. తిరుగు ప్రయాణపు టిక్కెట్టు ఇంకను కష్టము. ఆ రిజిస్టరు వేరే ఊరిలో ఉండును. అక్కడికి తంతి పంపి జవాబుకై వేచియుండవలెను.

ఇందులో గుమాస్తా తప్పేమియు లేదు. రిజిస్టరు ఒక్కటే, దానిని చూచు కన్నులు ఒక్క జత, అడుగువారు వందలు. ఇంకను వేగముగా పని చేయుమని గుమాస్తాను గద్దించినంత మాత్రమున వరుస తరుగదు. సమాచారము అమర్చబడిన తీరే అట్టిది. ఆలస్యమున్న చోట మధ్యవర్తి పుట్టును. రిజిస్టరులోని సంగతి ఎవరికి ముందు తెలియునో వారికి పలుకుబడి కలుగును. తెలియనివాడు చేతి డబ్బు వదలుకొనును, లేదా పండుగను వదలుకొనును. కనుక వెదకుటలో జాగు అనునది యంత్రములకు సంబంధించిన చిన్న లోపమని తలపరాదు. దాని భారము చివరకు పలుకుబడి లేనివానిపై పడును.

ఆ కాలపువారు తెలివిగా చేసిన ఏర్పాట్లును కలవు. ఇంగ్లండునందు 1830ల దశాబ్దమున థామస్ ఎడ్మండ్‌సన్ అనునాయన కల్పించిన చిన్న అట్ట టిక్కెట్లు మన దేశమున కూడ చిరకాలము వాడుకలో ఉండెను. ప్రతి టిక్కెట్టుపై వరుస సంఖ్య అచ్చువేసి యుండును. సాయంకాలము ఎన్ని టిక్కెట్లు అమ్ముడైనవో తెలియుటకు ఒక్కొక్కటి లెక్కింప పనిలేదు. ఉదయము పై టిక్కెట్టు సంఖ్య ఎంత, సాయంకాలము పై టిక్కెట్టు సంఖ్య ఎంత అని చూచి, తీసివేసిన చాలును. లెక్కించవలసిన పనిని లెక్కింపకుండగనే జవాబు తెచ్చు ఉపాయమిది. ఇదే ఉపాయము నేటి డేటాబేసులలో వేరు రూపమున మరల కనిపించును.

చిట్టా, ఆవర్జా

వెదకుటలోని కీలకము మన వర్తకులకు కొత్తది కాదు. అంగడిలో రెండు పుస్తకములు ఉండెడివి. చిట్టాలో ఏ రోజు జరిగిన బేరము ఆ రోజున, జరిగిన వరుసలోనే వ్రాయుదురు. వ్రాయుట తేలిక. కాని “సుబ్బయ్య మనకు ఎంత బాకీ?” అని అడిగినచో చిట్టా అంతయు మొదటినుండి తిరగవేయవలెను. అందుకే ఆవర్జా అను రెండవ పుస్తకము. అందులో మనిషికొక ఖాతా. సుబ్బయ్య పుట తీసిన వెంటనే జవాబు దొరకును. దీనికి ఖరీదు ఏమనగా, ప్రతి పద్దును రెండుమార్లు వ్రాయవలెను. వ్రాయునప్పుడు కొంచెము శ్రమపడినచో వెదకునప్పుడు చాల శ్రమ తప్పును. నేటి కంప్యూటరువారు ఇండెక్సు అని దేనిని పిలుచుచున్నారో అది ఇంచుమించుగా ఈ ఆవర్జాయే.

నిఘంటువు మరియొక ఉదాహరణము. అమరకోశము మొదలైన ప్రాచీన కోశములు విషయ క్రమమున కూర్చబడినవి: దేవతలు, భూమి, వనములు ఇట్లు. వానిని కంఠస్థము చేసినవారికే అవి వెంటనే ఉపయోగపడును. సి. పి. బ్రౌను దొర 1852లో మద్రాసున ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అకారాది క్రమమున ఉన్నది. పుస్తకమును మునుపెన్నడును చూడనివాడును కావలసిన మాటను నిమిషములో పట్టుకొనగలడు. అయితే ఆ అకారాది వరుసకును ఒక పరిమితి కలదు. “చెన్న” అని మొదలగు మాటలన్నియు ఒకేచోట దొరకును. “పట్టణము” అని ముగియు మాటలు కావలెనన్న మొదటి పుటనుండి కడపటి పుటవరకు చదువక తప్పదు. వరుస ఏ వైపునుండి కూర్చబడినదో ఆ వైపునుండి అడిగినవానికే అది సాయపడును. ఈ మాటను చదువరులు గుర్తుంచుకొనవలెనని మనవి. మరల దీని పని పడును.

మన చెన్నపట్టణముననే ఈ విద్యకు గొప్ప ఆచార్యుడొకరు ఉండెను. ప్రెసిడెన్సీ కళాశాలలో గణితము బోధించుచుండిన ఎస్. ఆర్. రంగనాథన్‌గారు 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి అయిరి. 1931లో వారు ప్రకటించిన అయిదు గ్రంథాలయ సూత్రములలో నాల్గవది చదువరి కాలమును కాపాడవలెనని బోధించును. గ్రంథకర్త పేరున ఒక కార్డు, గ్రంథము పేరున ఒక కార్డు, విషయమును బట్టి ఒక కార్డు — ఒక పుస్తకమునకు ఇన్ని కార్డులు ఏల యనగా, చదువరి ఏ గుర్తుతో వచ్చునో ముందుగా తెలియదు గనుక. ఎదుటివాని కాలమునకు విలువనిచ్చుట ఈ విద్యకు మూలమని వారు ఎరిగిరి.

టేపునుండి పళ్లెమునకు

1960ల దశాబ్దమున భారత రైల్వేలలో ఐ.బి.ఎం. 1401 అను యంత్రములు ప్రవేశించినవి. జీతముల లెక్కలు, సరుకుల లెక్కలు వానిపై వేసెడివారు. ఆ కాలపు సమాచారము ఎక్కువగా రంధ్రముల కార్డులపై, అయస్కాంతపు టేపులపై ఉండెడిది. టేపులో ఒక సంగతి కావలెనన్న మొదటినుండి చుట్ట విప్పుకొనుచు పోవలసినదే. అది యంత్రపు చిట్టా.

రాయపురము స్టేషను తెరచిన నూరేండ్లకు, 1956లో, అమెరికాలో ఐ.బి.ఎం. వారు రామాక్ అను యంత్రమును వెలువరించిరి. అందులో 50 పెద్ద పళ్లెములు గిరగిర తిరుగుచుండగా, ఒక చేయి కావలసిన పళ్లెమువద్దకు నేరుగా పోయి 50 లక్షల అక్షరములలో కావలసిన దానిని అందుకొనెడిది. దీనితో “మొదటినుండి చదువుట” అను నిర్బంధము తొలగినది. ఇక కావలసినది, ఏది ఎక్కడ ఉన్నదో చెప్పు మంచి సూచిక.

ఆ సూచికను బోయింగు విమాన సంస్థ పరిశోధనాలయములో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మక్‌క్రైట్ అనువారు కల్పించి 1972లో పత్రికలో ప్రకటించిరి. దానికి బి-ట్రీ అని పేరు. ఇది ఒక మఱ్ఱిచెట్టువంటిది. మొదలు వద్దనున్న పుటలో, ఉదాహరణకు, 200 గుర్తులు ఉన్నవనుకొందము. ఒక్కొక్క గుర్తు మరియొక పుటకు దారి చూపును. అందులో మరల 200. మూడు అంతస్తులు దిగుసరికి 80 లక్షల పద్దులు, నాలుగు అంతస్తులు దిగుసరికి 160 కోట్ల పద్దులు ఇమిడిపోవును. కోటి పద్దులను వరుసగా చదువవలసిన చోట నాలుగు పుటలు తిప్పిన చాలును! నేటి డేటాబేసులలో అధిక భాగము ఈ చెట్టునే, లేదా దాని సంతతినే, నమ్ముకొని యున్నవి.

అదే కాలమున, 1970లో, ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్ అను గణితజ్ఞుడు ఒక గొప్ప భావమును ప్రకటించెను. సమాచారమునంతయు సామాన్యమైన పట్టికలుగా ఉంచవలెననియు, అడుగువాడు తనకు ఏమి కావలెనో చెప్పవలెనే గాని ఎట్లు వెదకవలెనో చెప్పరాదనియు దాని సారాంశము. 1974లో డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ అనువారు అట్లు అడుగుటకు తగిన భాషను కూర్చిరి. అదియే కాలక్రమమున ఎస్.క్యూ.ఎల్. అయినది, 1986లో అమెరికాలో ప్రమాణముగా స్థిరపడినది. ఆ భాషలో అడుగు ప్రశ్ననే క్వెరీ అందురు.

దారి చెప్పనివానికి దారి ఎవరు చూపవలెను? 1979లో అదే సంస్థలోని పెట్రీషియా సెలింజర్ అను విదుషీమణి, ఆమె సహచరులు దీనికి సమాధానము చూపిరి. ఒక్కొక్క దారికి ఎంత ఖర్చగునో యంత్రమే ముందు అంచనా వేసికొని, తక్కువ ఖర్చు దారిని ఎన్నుకొనవలెను. మద్రాసునుండి విశాఖపట్టణమునకు ఏ బండి, ఎక్కడ మారుట, ఎంత కాలము అని టైంటేబులు ముందు వేసికొని ప్రయాణము నిశ్చయించు గృహస్థువలెనే ఇదియును. ఈ భాగమునకు ఆప్టిమైజరు అని పేరు.

అయిదు కేంద్రములు

మన రైల్వేలలో ప్రయాణికుల రిజర్వేషను 1985-86లో ఢిల్లీలో మొదటిసారిగా కంప్యూటరు పాలైనది. ఆ దశాబ్దము ముగియులోపల బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికిందరాబాదులకు వ్యాపించినది. అప్పటినుండి ఏ కౌంటరులోనైనను ఏ బండికైనను అడుగవచ్చునను సౌఖ్యము కలిగినది. అయితే ఆ కేంద్రమునకు చెందిన బండ్లకు మాత్రమే. అయిదు కేంద్రములను ఒకటిగా ముడివేయుటకు రైల్వే సమాచార సంస్థయగు క్రిస్ వారు కాన్సర్ట్ అను ఏర్పాటును రచించిరి. అది 1994లో మన సికిందరాబాదులోనే మొట్టమొదట అమలైనది. 1999 ఏప్రిల్ నాటికి అయిదు కేంద్రములును కలిసినవి. ఇక చెన్నైలో కూర్చుండి హౌరా బండికి తిరుగు టిక్కెట్టు తంతి లేకుండగనే కొనవచ్చును.

ఈ రిజర్వేషను యంత్రములు మొదట ఎస్.క్యూ.ఎల్. భాషను ఆధారము చేసికొని కట్టినవి కావు. కాని వెదకుటలోని నీతి ఏ భాషకైనను ఒకటే. ఆ ఏర్పాటులో దేశపు బండ్లన్నియు ఒకే కొఠారులో పోయబడలేదు. ఒక్కొక్క బండి లెక్క ఒక్కొక్క కేంద్రమునకు చెందియుండును. ప్రశ్న వచ్చినప్పుడు అది ఎవరి బండియో చూచి ఆ కేంద్రమునకే పంపుదురు. తక్కిన నాలుగింటిని కదలింపరు. మన టిక్కెట్టుపైనున్న పది అంకెల పి.ఎన్.ఆర్. సంఖ్యను చూచినను ఇదే కనబడును. 4తో గాని 5తో గాని మొదలగు సంఖ్య చెన్నై కేంద్రమునకు చెందినది. అనగా, తన జవాబు ఎక్కడ వెదకవలెనో ఆ సంఖ్యయే చెప్పుచున్నది. ఉత్తరముపై పిన్‌కోడు వ్రాయుట వంటిది. పెద్ద పట్టికను భాగములుగా విడదీసి, ప్రశ్నను తగిన భాగమునకే పంపు ఈ పద్ధతి నేటి డేటాబేసు నిపుణులు అనుసరించు ముఖ్య ఉపాయములలో ఒకటి.

2002 ఆగస్టు 3వ తేదీనుండి ఐ.ఆర్.సి.టి.సి. ద్వారా ఇంటివద్దనుండియే టిక్కెట్టు కొను సదుపాయము వచ్చినది. వరుస కౌంటరునుండి కంటికి కనబడని తంత్రులలోనికి మారినది. 2014 ఏప్రిల్‌లో ఆ ఏర్పాటును నిమిషమునకు 2,000 టిక్కెట్ల స్థాయినుండి 7,200 స్థాయికి పెంచిరి. మొత్తము రిజర్వేషను ఏర్పాటు నిమిషమునకు 32,000 టిక్కెట్లను ఇయ్యగలదనియు, కొత్త ఏర్పాటు లక్షన్నరకు పైగా ఇయ్యగలదనియు, విచారణలు నిమిషమునకు 4 లక్షలనుండి 40 లక్షలకు పెరుగుననియు 2025 జూన్‌లో రైల్వే శాఖవారు ప్రకటించిరి. ఈ అంకెలలో ఒక విశేషమున్నది. 32,000 టిక్కెట్లకు 4 లక్షల విచారణలు. అనగా కొనుటకంటె అడుగుట పన్నెండు రెట్లకు పైగా ఎక్కువ. కనుకనే వెదకుటను తేలిక చేసినవాడు ఏర్పాటునంతయు తేలిక చేసినవాడగును.

ప్రశ్న మందగించినప్పుడు

ఇక మన పిల్లలు ఆఫీసులలో చేయు పని ఏమియో చూతము. కోటి పద్దులున్న పట్టికపై ఒక ప్రశ్న నిదానముగా నడచుచున్నది. ఇంకను పెద్ద యంత్రము కొనుడని చెప్పుట సులభము. కాని రిజిస్టరు ఒక్కటే యున్నప్పుడు గుమాస్తాను గద్దించిన లాభము లేనట్లే, అమరిక చెడ్డదైనప్పుడు యంత్రమును పెంచిన లాభము కొద్దిపాటిదే. అనుభవజ్ఞులు అనుసరించు క్రమము ఇట్లున్నది.

మొదటిది, దారి ఏమని యంత్రమునే అడుగుట. ఎక్స్‌ప్లెయిన్ అను మాట ప్రశ్నకు ముందు చేర్చినచో, తాను ఏ దారిన పోదలచినదో అనేక డేటాబేసులు విప్పి చెప్పును. పట్టిక అంతయు చదువుచున్నదా, సూచికను పట్టుకొనుచున్నదా అనునది అందులో బయటపడును. ఇది చూడక చికిత్సకు పూనుకొనుట నాడి చూడక మందిచ్చుట వంటిది.

రెండవది, తగిన సూచికను కట్టుట. బండి సంఖ్య, తేదీ అను రెంటిని చేర్చి సూచిక కట్టినచో, “ఈ బండి, ఈ తేదీ” అని అడిగినవానికి వెంటనే జవాబు. కాని తేదీ మాత్రమే చెప్పి అడిగినవానికి ఆ సూచిక అంతగా పనికిరాదు. బ్రౌను నిఘంటువులో మాట కడపటి అక్షరముతో వెదకినట్లే యగును. కనుక జనులు ఏ గుర్తుతో వచ్చి అడుగుచున్నారో ముందు తెలిసికొని, దానినిబట్టి సూచిక వరుసను నిర్ణయింపవలెను. అట్లని ప్రతి గడికి ఒక సూచిక కట్టుట తెలివి కాదు. ప్రతి కొత్త పద్దుకు ఆవర్జాలన్నియు దిద్దవలెను గనుక వ్రాయు పని కుంటుపడును.

మూడవది, సూచిక ఉన్నను దానిని అడ్డగించు ప్రశ్నలు. “తేదీలోని సంవత్సరమును విడదీసి, అది 2025 అగునేమో చూడుము” అని అడిగినచో యంత్రము సామాన్యముగా ప్రతి పద్దును తీసి, విడదీసి చూడవలసి వచ్చును. దానినే “2025 జనవరి 1వ తేదీ మొదలుకొని, 2026 జనవరి 1వ తేదీకి ముందువరకు” అని మార్చినచో సూచికలో ఒక చోటనుండి మరియొక చోటివరకు చదివిన చాలును. అడిగినది ఒకటే, అడిగిన తీరు వేరు.

నాల్గవది, అక్కరలేనిది తెప్పించుకొనకుండుట. ఒక ప్రయాణికుని బెర్తు సంఖ్య కావలసిన చోట అతని చిరునామా, వయస్సు, ఫోను సంఖ్యలతో కూడిన పద్దునంతయు తెప్పించుట పలువురికి అలవాటు. చీటీ కావలసినప్పుడు బీరువాను మోసికొనివచ్చినట్లు!

అయిదవది, ఒకే పనికి పలుమార్లు తిరుగుట. రైల్వే రిజర్వేషను ఫారములో ఆరుగురి పేర్లు వ్రాయవచ్చును. కుటుంబములో ఆరుగురున్నచో ఒక్కొక్కరికై ఆరుమార్లు వరుసలో నిలుచువారు ఉండరు. కాని ప్రోగ్రాములలో ఇట్టి అవివేకము తరచు జరుగును. పట్టికనుండి నూరు పేర్లు తెచ్చి, ఒక్కొక్క పేరుకు మరల ఒక్కొక్క ప్రశ్న పంపుదురు. ఒక్కొక్కటి త్వరగానే ముగిసినను మొత్తము జాగగును. రెండు పట్టికలను కలిపి ఒక్కమారు అడుగుట దీనికి మందు.

ఆరవది, పాత లెక్కలను నమ్మి మోసపోవుట. ఆప్టిమైజరు దారిని ఎన్నుకొనుటకు పట్టికలో ఎన్ని పద్దులున్నవో, ఎట్లు పరచుకొని యున్నవో చెప్పు అంచనాలను చూచును. ఆ అంచనాలు పాతబడినచో సామాన్య దినపు రద్దీని చూచి సంక్రాంతికి బండ్లు ఏర్పాటు చేసినట్లగును. వానిని అప్పుడప్పుడు కొత్తగా లెక్కింపజేయవలెను.

ఏడవది, అది వెదకుటలోని జాగా, వేచియుండుటలోని జాగా అని వివేచించుట. ఒకే బెర్తును ఇద్దరికి అమ్మరాదు గనుక ఒకరి పని ముగియువరకు ఆ పద్దుపై తాళము వేయుదురు. తాళము వేసినవాడు జాగు చేసినచో వెనుకవారందరు నిలిచిపోదురు. ఇట్టి చోట ఎన్ని సూచికలు కట్టినను ఫలితము లేదు. తాళము వేసియుంచు కాలమును తగ్గించుటయే ఉపాయము.

వేగమునకు హద్దులు

వేగమే సర్వస్వమని మా అభిప్రాయము కాదు. జవాబు త్వరగా వచ్చి తప్పుగా వచ్చినచో అది ఆలస్యముకంటె కీడు. ఒకే బెర్తుకు రెండు కుటుంబములు టిక్కెట్లతో వచ్చి నిలిచినచో ఏ వేగము వారిని కాపాడును? అందుకే తాళములను తీసివేయుట చికిత్స కాదు. చోటున్నదా అని ఊరక చూచువానికి కొద్ది నిమిషములకు పూర్వపు జవాబు ఇచ్చినను ప్రమాదము లేదు. డబ్బు కట్టి కొనువానికి మాత్రము ఆ క్షణపు నిజమునే చూపవలెను. ఏ ప్రశ్నకు ఎంత తాజాదనము కావలెనో ఎరుగుట ఈ విద్యలో పెద్ద వివేకము.

మరియొక మాట. డేటాబేసు ఎంత చురుకైనదైనను బండికి ఒక్క బెర్తు కూడ చేర్చలేదు. బోగీలు, దారులు పెరిగిననే చోటు పెరుగును. అయితే ఉన్న చోటు ఎవరికి దక్కును అనునది మాత్రము వెదకు విద్యపై చాల ఆధారపడును. రిజిస్టర్ల కాలమున కిటికీ వెనుక పరిచయమున్నవాడు గెలిచెడివాడు. ఇంటర్నెట్టు కాలమున వేగముగా ఫారములు నింపు దొంగ ప్రోగ్రాములు గలవాడు గెలువజూచెను. తత్కాలు టిక్కెట్లకు 2025 జూలై 1వ తేదీనుండి ఆధారు ధ్రువీకరణమును నిర్బంధము చేసి, మొదటి అరగంట ఏజెంట్లను నిలిపివేయుటకు కారణమిదియే. అందరికి ఒకే క్షణమున ఒకే నిజము కనబడునట్లు చేయుట ఏర్పాటు ధర్మము. ఆ ధర్మమును నిలుపుటకు చురుకుదనము సాధనము. దాని చుట్టు కాపలా ఇంకొక సాధనము.

పంచాంగము చెప్పు నీతి

ఉగాదినాడు మనము పంచాంగ శ్రవణము చేయుదుము. పంచాంగమన నేమి? ఏడాది పొడవున ప్రతిదినపు తిథి, వార, నక్షత్ర, యోగ, కరణములను సిద్ధాంతిగారు ముందుగానే గణించి, పట్టికగా కూర్చి, అచ్చువేయించిన పుస్తకము. ప్రతి గృహస్థు ప్రతి ఉదయము సూర్యచంద్రుల గతిని లెక్క కట్టనక్కరలేదు. పుట తీసి చూచిన చాలును. ఒకరు ఒక్కమారు పడిన శ్రమ లక్షల ఇండ్లలో ఏడాది పొడవున శ్రమను తప్పించును. తరచు అడుగబడు ప్రశ్నలకు జవాబులను ముందే గణించి పట్టికగా ఉంచుకొనుట డేటాబేసువారి కడపటి ఉపాయము. ఎడ్మండ్‌సన్ టిక్కెట్టు సంఖ్యయు ఈ జాతిదే. నెలసరి అమ్మకముల మొత్తము కావలసినప్పుడెల్ల కోటి పద్దులను కూడుటకు బదులు, దినదినము కూడి ఉంచిన చిన్న పట్టికను చూతురు.

దీనికిని నియమము కలదు. గడచిన ఏటి పంచాంగము ఈ ఏటికి పనికిరాదు. చెన్నపట్టణమునకు గణించిన సూర్యోదయము అమెరికాలోని మన పిల్లలకు సరిపడదు. ముందుగా గణించినదానిని ఎప్పుడు మార్చవలెనో, ఎవరికి ఏది వర్తించునో ఎరిగి వాడుకొన్ననే లాభము.

రాయపురము స్టేషనును 2005లో బాగుచేసి నిలువబెట్టిరి. అక్కడ మొదలైన రైలు దూరమును తగ్గించినది. తరువాత వచ్చిన ఈ వెదకు విద్య వేచియుండు కాలమును తగ్గించినది. రెండును వలసవచ్చినవారికి మేలు చేసినవే. ఇకమీదట మన ఇంటి చిన్నవాడో, చిన్నదో “ఒక క్వెరీ పది నిమిషములు పట్టుచుండెను, ఇప్పుడు క్షణములో ముగియుచున్నది” అని సంతోషముతో చెప్పినప్పుడు, పెద్దలు దానిని చిన్నపనిగా తలపక “ఏ దారిన పోవుచుండెను? ఏమి మార్చితివి?” అని అడుగుదురు గాక! ఆ ప్రశ్నకు దూరముగా ఎక్కడనో ఒక వరుస ఉండియుండును. ఆ వరుసలో పండుగకు ఊరు వెళ్లదలచిన కుటుంబమొకటి నిలిచియుండును.

కొత్త సంవత్సరమున మన తెలుగు కుటుంబములన్నియు సకాలమున తమవారిని చేరుకొని, సుఖసంతోషములతో పండుగ జరుపుకొందురు గాక యని కోరుచున్నాము.